బ్రతికియున్నదానికి అంత్యక్రియల పాటా?

'రెక్వియం' అన్న మాట మన ప్రొటెస్టెంటు సంఘాలలో ఎక్కువగా వినబడదు. రోమన్ కథోలిక సంఘములో మరణించినవారి కొరకు జరిపే ఆరాధనకు లాటిను భాషలో ఉన్న పేరు అది. ఎవరైనా చనిపోతే తప్ప ఆ మాట ఎత్తరు. అటువంటి మాటను 2014వ సంవత్సరములో అమెరికాలో కొన్ని కళాశాలల ఆటల కూటమికి పెట్టారు. 'రెక్వియం ఫర్ ది బిగ్ ఈస్ట్' అనే డాక్యుమెంటరీ చిత్రము ఆ సంవత్సరము మార్చి 16వ తేదీన ఇ.ఎస్.పి.ఎన్. అనే క్రీడల టెలివిజన్‌లో ప్రసారమయింది. దర్శకుడు ఎజ్రా ఎడెల్‌మన్. ఈయన తరువాత ఓ.జె. సింప్సన్‌పై తీసిన డాక్యుమెంటరీకి 2017లో ఆస్కార్ బహుమతి వచ్చింది.

బిగ్ ఈస్ట్ అనేది అమెరికా తూర్పు తీరములోని కళాశాలలు బాస్కెట్‌బాల్ ఆడుకొనుటకు కట్టుకొన్న కూటమి. ఆ చిత్రము చూచి పాత అభిమానులు తమ యౌవన దినాలను తలచుకొని కన్నీరు పెట్టుకొన్నారు. అదే చిత్రము చూచి మరి కొందరు, "మేమింకా బ్రతికే ఉన్నాము గదా, మాకు ఈ సంతాప గీతమెందుకు?" అని నొచ్చుకొన్నారు. ఒకే చిత్రము, రెండు స్పందనలు. ఎక్కడో దూరదేశపు ఆటగొడవ మనకెందుకు అని తోచవచ్చును. కాని ఏటేటా ఎదురెదురుగా నిలిచి పోటీపడే పొరుగువారు విడిపోతే మనుష్యులు ఎందుకు అంతగా దుఃఖిస్తారు, గడిచిన దినాలను ఎట్లు జ్ఞాపకము చేసికోవాలి అనే ప్రశ్నలు ఆ చిత్రములో ఉన్నాయి. ఆ ప్రశ్నలు అమెరికాకు మాత్రమే చెందినవి కావు.

వేదాంత విద్యార్థి కనిపెట్టిన ఆట

ముందుగా ఆటను గురించి కొంచెము చెప్పుకొందాము. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కెనడా దేశస్థుడు. మాంట్రియల్‌లోని ప్రెస్బిటేరియన్ కళాశాలలో వేదాంతము చదివి 1890లో పట్టా పొందినవాడు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరిలో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు ఉపాధ్యాయునిగా వెళ్లాడు. చలికాలములో మంచు కురిసి బయట ఆడుటకు వీలులేని పడుచువారి కొరకు 1891 డిసెంబరులో ఆయన ఒక ఆట తయారుచేశాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి, పది అడుగుల ఎత్తున వసారా కమ్మీకి కొట్టించి, పదమూడు నియమాలు వ్రాసి గోడకు అంటించాడు. మొదటి ఆటలో జట్టుకు తొమ్మిదిమంది చొప్పున ఆడారు.

ఆ ఆటను మన దేశానికి తెచ్చినవారు కూడా వై.ఎం.సి.ఎ. వారే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ అనే దొర 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనే ఉండేవి. మన పాఠశాలల డ్రిల్లు మాస్టార్లు కొందరు శిక్షణ పొందినది అక్కడే. కాబట్టి ఈ ఆటకు మన నేలతో దూరపు చుట్టరికము లేకపోలేదు.

ఇక బిగ్ ఈస్ట్ కళాశాలల సంగతి. అవి చాలవరకు స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చుట్టుపట్ల ఉన్న రాష్ట్రాలలోనివే. వాటిలో ఎక్కువ భాగము సంఘములు స్థాపించినవి. ప్రావిడెన్స్ కళాశాల డొమినికన్ గురువులది. జార్జ్‌టౌన్, బోస్టన్ కళాశాలలు జెసూట్ గురువులవి. సెయింట్ జాన్స్ విన్సెంటియన్ గురువులది. సీటన్ హాల్ న్యూ జెర్సీలో నూవర్క్ మేత్రాసనము వారిది. తెలుగు కుటుంబాలు అనేకము నేడు కాపురముంటున్న రాష్ట్రము అదే. సిరక్యూస్ విశ్వవిద్యాలయమును 1870లో మెథడిస్టులు స్థాపించారు. వీటికి తోడు కనెక్టికట్ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయము. మొదట చేరినవి ఈ ఏడే.

ఏడు కళాశాలల ఒడంబడిక

అమెరికాలో కళాశాలల జట్లు ఒంటరిగా ఆడవు. కొన్ని కళాశాలలు కలసి ఒక కూటమిగా ఏర్పడి, ప్రతి సంవత్సరము తమలో తాము ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడుకొంటాయి. ఆ కూటమినే కాన్ఫరెన్స్ అంటారు. చివరకు మార్చి నెలలో కూటములన్నిటినుండి మంచి జట్లను ఏరి దేశమంతటికి ఒక పోటీ పెడతారు.

1979కి ముందు తూర్పు తీరపు కళాశాలలకు ఇట్టి గట్టి కూటమి లేదు. మంచి ఆటగాళ్లు న్యూయార్కు వీధులలో పుట్టి, పేరు కొరకు దక్షిణాదికి వెళ్లిపోయేవారు. ఈ లోటును కనిపెట్టినవాడు డేవ్ గావిట్. ఆయన ప్రావిడెన్స్ కళాశాలకు పది సంవత్సరాలు కోచ్‌గా ఉండి, 1973లో జట్టును జాతీయ పోటీలో చివరి నాలుగింటిలో నిలిపినవాడు. 1979 మే నెలలో ఆయన చొరవతో బిగ్ ఈస్ట్ ఏర్పడింది. ఆహ్వానము వచ్చినా హోలీ క్రాస్, రట్గర్స్ అనే కళాశాలలు అప్పట్లో చేరలేదు. అగస్టీనియన్ గురువులదైన విల్లనోవా 1980లోను, పిట్స్‌బర్గ్ 1982లోను చేరాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. గావిట్ కళాశాలలను ఎన్నుకొన్నది మంచి జట్లను చూచి మాత్రమే కాదు. న్యూయార్కు, బోస్టన్, వాషింగ్టన్, ఫిలడెల్ఫియా వంటి పెద్ద నగరాలను చూచి కూడా ఎన్నుకొన్నాడు. అక్కడ టెలివిజన్లు ఉన్న ఇండ్లు లక్షలు. అదే సంవత్సరము సెప్టెంబరు 7న కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిస్టల్ అనే చిన్న పట్టణములో ఇ.ఎస్.పి.ఎన్. ప్రారంభమయింది. రోజంతా ఆటలు చూపించవలసిన ఆ క్రొత్త సంస్థకు ఆటలు కావాలి. ఈ క్రొత్త కూటమికి చూపించేవారు కావాలి. ఇద్దరూ కలసి ఎదిగారు. డబ్బు తరువాత వచ్చి పాడుచేసిందని పాత అభిమానులు చెప్పుకొంటారు గాని, టెలివిజన్ ఆదాయము ఆ ఇంటికి పునాది వేసిన నాడే ఉన్నది.

పొరుగువారి పోరు

చిత్రములో అభిమానులను ఎక్కువగా కదిలించినది 1980ల నాటి కథ. 1980 ఫిబ్రవరి 13న జార్జ్‌టౌన్ జట్టు సిరక్యూస్ వెళ్లింది. మ్యాన్లీ ఫీల్డ్ హౌస్ అనే ఆ పాత ఆటశాలలో అదే చివరి ఆట. అక్కడ సిరక్యూస్ వరుసగా 57 ఆటలు గెలిచి ఉన్నది. ఆ రాత్రి జార్జ్‌టౌన్ 52-50తో గెలిచింది. ఆట ముగిసిన తరువాత కోచ్ జాన్ థాంప్సన్, ఈ ఆటశాల ఇక అధికారపూర్వకముగా మూతపడినదని ప్రకటించాడు. సిరక్యూస్ అభిమానులు ఆ మాటను దశాబ్దాల తరబడి మరువలేదు. రెండు కళాశాలల పగ ఆ ఒక్క మాటతో పుట్టిందని చెప్పుకొంటారు.

ఈ కూటమి వచ్చిన తరువాత న్యూయార్కు కుర్రవాళ్లు ఇంటి దగ్గరే నిలిచారు. బ్రూక్లిన్‌కు చెందిన క్రిస్ ముల్లిన్ సెయింట్ జాన్స్‌లో చేరాడు. అదే బ్రూక్లిన్ వీధుల వాడు డ్వేన్ వాషింగ్టన్ సిరక్యూస్‌కు వెళ్లాడు. ఇతనిని అందరూ 'పెర్ల్' అని పిలిచేవారు. 1984 జనవరిలో బోస్టన్ కళాశాలతో ఆట చివరి క్షణములో మైదానము మధ్యనుండి బంతి విసరి బుట్టలో వేసి, ఆగకుండా అట్లే పరుగెత్తి లోపలికి వెళ్లిపోయాడు. వెనుక జనసముద్రము మైదానములోకి పొంగింది. ఆ దృశ్యము చూచినప్పుడు సిరక్యూస్ వారికి నేటికీ ఒళ్లు పులకరిస్తుంది. పెర్ల్ 2016లో మరణించాడు.

కోచ్‌లు కూడా ఆ నాటకములో పాత్రధారులే. సెయింట్ జాన్స్ కోచ్ లూ కార్నెసెకా ఒక రంగురంగుల స్వెట్టరు వేసికొనేవాడు. దానిని వేసికొన్నప్పటినుండి జట్టు గెలుస్తూ ఉన్నందున విడువలేదు. 1985 ఫిబ్రవరి 27న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దేశములో మొదటి స్థానములో ఉన్న సెయింట్ జాన్స్‌కు, రెండవ స్థానములో ఉన్న జార్జ్‌టౌన్‌కు ఆట. ఆట ఆరంభమునకు ముందు థాంప్సన్ తన కోటు తెరచి చూపించాడు. లోపల అదే నమూనా చొక్కా! ఆటశాలంతా నవ్వులతో మారుమ్రోగింది. ఆ రాత్రి గెలిచినది మాత్రము జార్జ్‌టౌన్, 85-69.

ఆ సంవత్సరమే జాతీయ పోటీలో చివరి నాలుగు జట్లలో మూడు బిగ్ ఈస్ట్‌వి అయ్యాయి. అంతకుముందు ఏ కూటమికీ అది జరుగలేదు. 1985 ఏప్రిల్ 1న కెంటకీ రాష్ట్రములోని లెక్సింగ్టన్‌లో ఫైనలు. ముందటి సంవత్సరపు విజేత జార్జ్‌టౌన్ ఒకవైపు, ఎవరూ లెక్కలోకి తీసికొనని విల్లనోవా మరొకవైపు. విల్లనోవా 28 సార్లు బంతి వేసి 22 సార్లు బుట్టలో పడవేసింది. 66-64తో గెలిచింది. బహుమతి ఇచ్చే సమయములో ఓడిపోయిన జార్జ్‌టౌన్ ఆటగాళ్లు నిలిచి చప్పట్లు కొట్టారు. సంవత్సరమంతా కొట్లాడుకొన్నవారు ఆ గడియలో ఒకరినొకరు ఎరిగిన పొరుగువారివలె ప్రవర్తించారు.

అభిమానులు పోగొట్టుకొన్నామని ఏడ్చినది దీనినే. బహుమతుల కొరకు వారి కన్నీరు కారలేదు. ఏ నెలలో ఎవరు ఎవరి ఊరికి వస్తారో వారికి తెలుసు. ఎదుటి జట్టు కోచ్ కోపము తెలుసు, అతని స్వెట్టరు తెలుసు. తండ్రి కుమారుని చెయ్యి పట్టుకొని తీసికొనివెళ్లిన ఆటశాలకే ఆ కుమారుడు తన పిల్లలను తీసికొనివెళ్లాడు. పోటీదారుడు ఎవరో తెలియని పరాయివాడైతే ఓటమి ఒక అంకె మాత్రమే. తెలిసినవాడైతే ఓటమికి కూడా ఒక కథ ఉంటుంది.

మరువకూడని చేదు

అయితే ఆ దినాలన్నీ బంగారు దినాలేనా? ఈ చిత్రము విలువైనదని చెప్పుటకు ఒక కారణము, అది ఈ ప్రశ్నను దాటవేయలేదు.

జార్జ్‌టౌన్ ఆటగాడు ప్యాట్రిక్ ఈవింగ్ జమైకా దేశములోని కింగ్‌స్టన్‌లో పుట్టి, బాల్యములోనే మసాచుసెట్స్‌కు వలస వచ్చిన నల్లజాతి యువకుడు. ఏడడుగుల ఎత్తరి. 1982-83 ఆటల కాలములో ఎదుటి జట్ల అభిమానులు కొందరు అతనికి చదువు రాదని అట్టలమీద వ్రాసి పైకెత్తారు. అతనిని కోతితో పోల్చుతూ దుప్పటిమీద వ్రాశారు. మైదానములోకి అరటిపండు తొక్క విసరారు. సంఘములు నడిపే కళాశాలల ఆటలలోనే ఇది జరిగినదని మరువకూడదు. జార్జ్‌టౌన్ అధ్యక్షుడైన జెసూట్ గురువు తిమోతీ హీలీ దీనిని బహిరంగముగా ఖండించారు. ఈవింగ్ తెల్లవాడైయుంటే ఇటువంటి అట్టలు ఎవరును ఎత్తేవారు కారని ఆయన స్పష్టముగా చెప్పారు.

జాన్ థాంప్సన్ ఈ అవమానములను చూచి తల వంచుకొన్న మనిషి కాడు. 1984లో జార్జ్‌టౌన్ జాతీయ విజేతగా నిలిచినప్పుడు, ఆ ఘనత సాధించిన మొదటి నల్లజాతి కోచ్ ఆయనే. తన కార్యాలయములో గాలి తీసిన బంతి ఒకటి ఉంచుకొనేవాడు. బంతిలో గాలి పోయిన తరువాత మీకేమి మిగులుతుంది అని కుర్రవాళ్లు ఆలోచించుకోవాలని దాని ఉద్దేశము. జట్టు చదువు చూచుకొనుటకు మేరీ ఫెన్లన్ అనే ఉపాధ్యాయినిని నియమించాడు. ఆమె ఒకప్పుడు కన్యాస్త్రీగా ఉన్నవారు. ఆటల సమయములో ఆమె జట్టుతోపాటు బల్లమీద కూర్చునేవారు. నాలుగేండ్లు ఆయనవద్ద నిలిచిన ఆటగాళ్లలో దాదాపు అందరూ పట్టా పుచ్చుకొన్నారు. ఇంత చేసినా పత్రికలు ఆయన జట్టును ముక్కోపి జట్టుగా, రౌడీ జట్టుగా చిత్రించాయి. థాంప్సన్ 2020 ఆగస్టులో కన్నుమూశారు.

కాబట్టి ఆ చిత్రము ముందు కూర్చున్నవారందరి జ్ఞాపకము ఒకటి కాదు. ఒకరికి అది తండ్రితో వెళ్లిన సాయంకాలము. మరొకరికి అది తన వర్ణమువానిమీదికి తొక్క విసరిన సాయంకాలము. అట్ట పట్టుకొన్నవారిలో కొందరు నేడు తాతలై, టెలివిజన్ ముందు కూర్చుని ఆ పాత దినాలు ఎంత మంచివి అని నిట్టూర్చి ఉండవచ్చును. జ్ఞాపకము చేసికొనుట మంచిదే. అయితే మనకు తీయగా ఉన్న దినము పొరుగువానికి ఎట్లుండెనో కూడా అడిగి తెలిసికొన్నప్పుడే ఆ జ్ఞాపకము నిజమైనదవుతుంది.

ఇల్లు చీలిన విధము

ఇక కూటమి ఎట్లు చీలినది? అమెరికావారి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, చేతులతో బంతి పట్టుకొని పరుగెత్తే ఆట. టెలివిజన్ సంస్థలు బాస్కెట్‌బాల్ కంటె దానికి ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బు ఇస్తాయి. బిగ్ ఈస్ట్‌లో కొన్ని కళాశాలలకు పెద్ద ఫుట్‌బాల్ జట్లు ఉన్నాయి. గురువుల చిన్న కళాశాలలలో ఎక్కువ వాటికి లేవు. ఒకే ఇంటిలో రెండు పొయ్యిలు వెలిగాయి.

ఫుట్‌బాల్‌లో పేరుపొందిన పెన్ స్టేట్‌ను చేర్చుకొనుటకు 1982లో చాలినన్ని ఓట్లు రాలేదు. తరువాత ఫుట్‌బాల్ కొరకే 1991లో దూరపు ఫ్లోరిడా రాష్ట్రములోని మయామీని చేర్చుకొన్నారు. అయినను మయామీ, వర్జీనియా టెక్ 2004లో, మొదటి ఏడింటిలో ఒకటైన బోస్టన్ కళాశాల 2005లో అట్లాంటిక్ కోస్ట్ అనే మరొక కూటమికి వెళ్లిపోయాయి. ఖాళీలు నింపుటకు క్రొత్తవారిని చేర్చగా చేర్చగా బాస్కెట్‌బాల్‌లో కూటమి పదహారు జట్లకు పెరిగింది. పైకి చూస్తే అది బలమే. 2011లో పదకొండు జట్లు జాతీయ పోటీకి వెళ్లాయి.

ఆ సంవత్సరము సెప్టెంబరు 16న డేవ్ గావిట్ 73వ ఏట మరణించారు. రెండు దినాల తరువాత, సెప్టెంబరు 18న, సిరక్యూస్, పిట్స్‌బర్గ్ విడిచివెళ్తున్నట్లు ప్రకటన వచ్చింది. ఇంటి పెద్ద మట్టిలో చేరకమునుపే ఆస్తి పంపకాల మాట ఎత్తినట్లయింది. 2012 డిసెంబరులో ఫుట్‌బాల్ డబ్బుపై ఆధారపడని ఏడు కథోలిక కళాశాలలు, ఇక మా దారి మాదేనని నిర్ణయించుకొన్నాయి. అవి ప్రావిడెన్స్, సెయింట్ జాన్స్, జార్జ్‌టౌన్, సీటన్ హాల్, విల్లనోవా, మార్కెట్, డిపాల్. 2013లో పంపకము ముగిసింది. బిగ్ ఈస్ట్ అనే పేరు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పోటీ జరుపుకొనే ఏర్పాటు ఈ ఏడింటికి దక్కాయి. బట్లర్, జేవియర్, క్రేటన్ అనే కళాశాలలను కలుపుకొని పదిగా నిలిచాయి. కనెక్టికట్ మొదలైన మిగిలినవారు వేరే పేరుతో మరో కూటమిగా కొనసాగారు.

అభిమానుల మాటలు, వాటి వెనుక ప్రశ్నలు

చిత్రము మార్చి 16న వచ్చినదని చెప్పాను. దానికి ముందు రాత్రి, అనగా 2014 మార్చి 15న, క్రొత్త బిగ్ ఈస్ట్ మొదటి పోటీ ఫైనలు జరిగింది. గెలిచినది ఎవరనుకొన్నారు? గావిట్ ఊరివారు, ప్రావిడెన్స్! ఇరువది సంవత్సరాల తరువాత వారికి ఆ బహుమతి దక్కింది. రాత్రి సంబరాలు చేసికొన్నవారికి తెల్లవారితే టెలివిజన్‌లో తమకే సంతాప గీతము. "మేము చచ్చిపోలేదే" అని వారు అన్నారంటే తప్పేమున్నది?

విడిచివెళ్లిన కళాశాలల అభిమానుల దుఃఖము వేరు. వెళ్లాలని నిర్ణయించినవారు పైనున్న అధికారులు. మైదానములో గొంతు చించుకొని అరచినవారిని ఎవరూ అడుగలేదు. జార్జ్‌టౌన్‌తో తగవు లేని చలికాలము సిరక్యూస్ వారికి ఉప్పులేని కూరవంటిది. అందుకే కూటమి పోయినా, 2015 డిసెంబరునుండి ఆ రెండు కళాశాలలు ప్రత్యేకముగా ఒప్పందము చేసికొని మరల ఆడసాగాయి. కనెక్టికట్ వారికి మరొక వెలితి కనిపించే చోటు ఉన్నది. చిత్రము బరువంతా 1980ల మీదనే పడింది. వారు జాతీయ విజేతలైనది 1999నుండి గదా.

మరియొక ప్రశ్న ఇంకా లోతైనది. ఈ చిత్రము తీయించి చూపించినది ఇ.ఎస్.పి.ఎన్. కళాశాలలను కూటములనుండి కూటములకు లాగిన డబ్బులో పెద్ద భాగము కూడా ఆ టెలివిజన్‌దే. 2011లో బోస్టన్ కళాశాల ఆటల అధికారి ఒకరు, ఏమి చేయాలో టెలివిజన్‌వారే తమకు చెప్పారని ఒక పత్రికతో అని, తరువాత ఆ మాటకు క్షమాపణ చెప్పుకొన్నారు. ఇల్లు చీలుటలో చెయ్యి ఉన్నవాడే సమాధివద్ద పాట పాడవచ్చునా అని అడిగే ప్రేక్షకుని మనము తప్పుపట్టలేము. కథ చెప్పేవాడు ఎవరు, తన పాత్రను ఎంత చెప్పాడు అని చూచుట ప్రతి ప్రేక్షకుడు నేర్చుకోవలసిన పని. మన ఇంటిలో టెలివిజన్ ముందు కూర్చునే పిల్లలకు కూడా ఇది నేర్పాలి.

పాట ముగిసిన తరువాత

చిత్రము వచ్చి సంవత్సరాలు గడిచాయి. జరిగినవి చూడండి. చిత్రము వచ్చిన మూడు వారాలకే, 2014 ఏప్రిల్ 7న, బయటికి నెట్టబడినట్లయిన కనెక్టికట్ జాతీయ విజేత అయింది. క్రొత్త బిగ్ ఈస్ట్‌లో ఉన్న విల్లనోవా 2016లో చివరి క్షణపు బంతితో నార్త్ కరోలినాను 77-74తో ఓడించి గెలిచింది, 2018లో మరల గెలిచింది. 2020లో కనెక్టికట్ పాత ఇంటికి తిరిగివచ్చింది. 2023, 2024 సంవత్సరాలలో వరుసగా రెండుసార్లు జాతీయ విజేతగా నిలిచింది. 2025లో సెయింట్ జాన్స్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బిగ్ ఈస్ట్ పోటీని గెలిచింది. అంత్యక్రియల పాట పాడించుకొన్నది ఇట్లు లేచి నడిచింది.

పాత పేర్లను తిరిగి తెస్తే పాత వైభవము వస్తుందనుకొన్నవారికి మాత్రము అట్లు జరుగలేదు. సెయింట్ జాన్స్ 2015లో క్రిస్ ముల్లిన్‌ను కోచ్‌గా పిలిచింది. నాలుగేండ్లకు ఆయన వెళ్లిపోయారు. జార్జ్‌టౌన్ 2017లో ప్యాట్రిక్ ఈవింగ్‌ను పిలిచింది. 2021లో ఆయన జట్టు బిగ్ ఈస్ట్ పోటీ గెలిచినప్పుడు అందరి కళ్లు చెమర్చాయి. మరుసటి ఆటల కాలములో కూటమిలో ఆడిన 19 ఆటలూ ఓడింది. 2023లో ఆయనను తొలగించారు. నాటి ఆటగాడు తిరిగి వచ్చినంత మాత్రాన నాటి దినము తిరిగి రాలేదు.

విడిచివెళ్లే పరుగు ఇంకా ఆగలేదు. 2024లో పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయాలు అట్లాంటిక్ కోస్ట్ కూటమిలో చేరాయి. పేరు ఒక సముద్రానిది, ఊరు మరొక సముద్రపు ఒడ్డున! అదే సంవత్సరము పసిఫిక్ తీరపు పాత కూటమినుండి పన్నెండింటిలో పది కళాశాలలు వెళ్లిపోయాయి. మధ్యవారపు ఆట కొరకు విద్యార్థులు ఖండము దాటి విమానములలో తిరుగుతున్నారు. ఎదుటి ఊరివారు వీరికి తెలియదు, వీరు ఎదుటి ఊరివారికి తెలియదు. 2014లో కన్నీరు పెట్టుకొన్న బిగ్ ఈస్ట్ అభిమానులు ముందుగా ఏడ్చినవారు మాత్రమే అని ఇప్పుడు తెలుస్తున్నది.

ప్రియ చదువరులారా, ఈ చరిత్రలో ఆలోచింపదగినది ఇది. పెద్ద ఆదాయము కలవారు ఇంకా పెద్ద ఆదాయము కొరకు లేచి వెళ్లారు. అంత సంపాదన లేని ఏడు కళాశాలలు, మనము ఎవరితో కలిసి ఉంటే మనముగా ఉంటాము అని తమను తాము ప్రశ్నించుకొని, పేరును, కలుసుకొనే స్థలమును, ఒకరినొకరిని దక్కించుకొన్నాయి. డబ్బు వారికి అక్కరలేదని కాదు, వారు కూడా టెలివిజన్‌తో ఒప్పందము చేసికొన్నారు. కాని ఎవరిని విడువకూడదో ముందు నిర్ణయించుకొని, ఆ తరువాత బేరమునకు కూర్చున్నారు. కుటుంబముగాని, ఊరుగాని, సంఘముగాని ఏదైనా పెద్ద నిర్ణయము తీసికొనేటప్పుడు ఈ వరుస తారుమారు కాకుండా చూచుకోవాలి.

అట్లే, మన పెద్దలు పాత దినాలను గురించి చెప్పేటప్పుడు పిల్లలకు పూర్తి కథ చెప్పాలి. పెర్ల్ విసరిన బంతిని చెప్పాలి, ఈవింగ్‌మీదికి విసరిన తొక్కనూ చెప్పాలి. సగము కథ విన్న పిల్లలు తమకు తెలియని కాలము కొరకు బెంగపెట్టుకొంటారు. పూర్తి కథ విన్నవారు అందులో నిలుపుకోదగినదేదో, విడిచిపెట్టదగినదేదో ఏరుకొంటారు.

మార్చి నెల వచ్చినప్పుడు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ దీపాలు వెలుగుతాయి. ప్రావిడెన్స్‌నుండి, సీటన్ హాల్‌నుండి, విల్లనోవానుండి జనము వస్తారు. పాత తగవులు మరల మొదలవుతాయి. పొరుగువాడు ఎదుట నిలిచి ఉన్నంతకాలము ఆ తగవులు మిగిలే ఉంటాయి.